స తినే రేడియో

ధర్మవరంలో పొద్దున మగ్గం గుంతలోకి దిగే ముందు ఒక్కొక్కరిది ఒక్కో పద్ధతి. బసప్ప ఊదుబత్తి వెలిగిస్తాడు. పక్కింటి కదిరమ్మ నేత బిగించే పలకకు పసుపు రాస్తుంది. ఓబిలేషు రేడియో పెడతాడు.

ఆ రేడియో తీగ కిటికీలోంచి మిద్దె మీదికి పోయి, అక్కణ్ణుంచి వెనకింటి మునగచెట్టు దాకా సాగి ఉంటుంది. షార్ట్‌వేవ్‌లో దూరదేశాల స్టేషన్లు వినడం ఓబిలేషుకు పెళ్లికి ముందు నుంచీ ఉన్న పిచ్చి. వాళ్ల భాషలు రావు. రావలసిన అవసరమూ లేదంటాడు. ఫోనులో అన్ని దేశాలూ వస్తాయి కదా అని ఎవరైనా అంటే, ఫోనులో వచ్చేది పాలప్యాకెట్టు, గాలిలో పడి లేచి వచ్చేది పితికిన పాలు అంటాడు. అన్నవాడు నవ్వి ఊరుకుంటాడు.

జరీకి చెవి ఉంటుంది. ఈ సంగతి ధర్మవరంలో పిల్లలకు కూడా తెలుసు. పలకతో దెబ్బ వేసిన క్షణాన మగ్గం దగ్గర ఏ మాట పలికితే ఆ మాట జరీలో పడి ఉండిపోతుంది. చీర మడత విప్పి అంచును చెవి దగ్గర పెట్టుకుంటే సన్నగా వినిపిస్తుంది. అందుకే మగ్గం ఉన్న గదిలో ఎవరూ తగవులాడుకోరు. తగవులాడాలనుకున్న మొగుడూ పెళ్లాలు వీధిలోకి పోతారు. అందువల్ల ఆ వీధిలో ఎవరి తగవు ఏమిటో అందరికీ తెలుసు. ఒకసారి బసప్ప ఏమరుపాటున ఉండగా వాళ్ల అత్త వంటింట్లోంచి వేసిన కేకలు పెళ్లిచీర కొంగులో పడ్డాయి. అట్లాంటి వాటిని నోటి చీరలంటారు. అవి షోరూములకు పోవు. మూటకట్టి సంతల్లో అమ్ముతారు.

మరమగ్గం మీద నేసిన చీరకు ఈ బాధ లేదు. కొన్న కొత్తలో దానిలో మోత ఉంటుంది, రెండు ఉతుకులకు అదీ పోతుంది. తెలిసినవాళ్లు చీర కొనే ముందు అంచును చెవికి ఆనించి చూస్తారు. గొణిగితే చేతి మగ్గం. గొణగకపోతే మర. ఓబిలేషు చీరల్లో తెలియని భాషలు మెల్లగా గొణిగేవి. పెళ్లికూతుళ్లకు అవి మంత్రాల్లాగే ఉండేవి. బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు దూరం చీర కావాలని పేరు పెట్టి అడిగేవారు.

ఈ సంవత్సరం ఆ పేరు చెడింది.

షావుకారు గోవిందప్ప వచ్చి గుంత అంచున కూర్చున్నాడు. మగ్గమూ, మగ్గమున్న గదీ ఆయనవే. పడుగూ, జరీ ఆయన ఇస్తే ఓబిలేషు నేస్తాడు. ఓబిలేషు పలక ఆపి తలెత్తాడు.

"ఏమప్పా, నీ చీర అరుస్తాందంట," అన్నాడు గోవిందప్ప.

"ఏమని?"

"చీనా భాషలో వార్తలంట. హిందూపురం పెండ్లిలో సరిగ్గా మేళం ఆగినప్పుడు అందుకున్నాదంట. అయ్యవారు మంత్రం మర్చిపోయినాడు. మొగపెండ్లోళ్లు పిల్లకు గాలి పట్టిందనుకున్నారు."

"సెట్టు ముసల్దైపోయింది గోవిందన్నా. సౌండు పెంచకుంటే వినపడదు."

"తగ్గించి నెయ్యి."

"అంతకు ముందుదానికి తగ్గించినా కదా. నాకు తెలీకుండానే స్టేషను జారిపోయింది."

"అది అంతకంటే అన్యాయం. కట్టుకుంటే బస్సులో ఇంజను పక్కన కూర్చున్నట్టుందని తిరిగొచ్చింది." గోవిందప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డమాట చెప్పవలసి వస్తే ముందు చెమట పడుతుంది. "ఇంగొక్క పడుగిస్తా. ఈ చీర కూడా అరిచినా, గుర్రుమన్నా, గుంత పూడ్పిచ్చి మరమగ్గం దించుతా. దాన్ని నువ్వే చూసుకుందువులే. మరమగ్గానికి రేడియో అక్కర్లేదు. చెవుల్తో పనే లేదు."

ఓబిలేషు పెళ్లికి ముందు రెండేళ్లు దొడ్డబళ్లాపురంలో మరమగ్గాల షెడ్డులో పనిచేశాడు. ఆ రెండేళ్లూ రేడియో వినలేదు. షెడ్డులోంచి బయటికి వచ్చినా మోత ఆగేది కాదు, తలలోకి వచ్చి కూర్చునేది. ఆ మోత పడలేకే ఊరికి తిరిగి వచ్చాడు. ఇప్పుడది ఇంటికే వస్తానంటోంది.

కాబట్టి మంచి సెట్టు కావాలి. కొత్తవి ఇప్పుడు దొరకవు, దొరికినవి పేరుకే రేడియోలు. వాడినదైనా సరే, నమ్మకమైనది కావాలి. ఈ మాట వీధిలో అన్నందుకు వీధంతా సలహా చెప్పింది. బసప్ప చిన్నది కొనమన్నాడు, పెద్దవాటికి రోగాలెక్కువని. కదిరమ్మ పెద్దది కొనమంది, చిన్నవి పిల్లల ఆటసామానని. టీకొట్టు దాసప్ప, వాడినది కొంటే వాడినవాడి దురదృష్టం కూడా కొన్నట్టేనన్నాడు. ఓబిలేషు అందరి మాటా విన్నాడు. విన్నకొద్దీ తికమక పెరిగింది. పైగా దాసప్ప మాట్లాడేటప్పుడు మీసాలు అడ్డం వచ్చి సగం మాటలు అర్థం కాలేదు.

చివరికి బత్తలపల్లె బస్సెక్కాడు.

బత్తలపల్లెలో చర్చి వెనక జాకబ్ ఉంటాడు. సైన్యంలో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి వచ్చినవాడు. చుట్టుపక్కల ఎవరింట్లో పాత రేడియో పడి ఉన్నా తెచ్చుకుంటాడు. బాగుచేయగలిగినవి బాగుచేస్తాడు, చేయలేనివి వరసగా పెట్టుకుని చూస్తూ ఉంటాడు. ఓబిలేషు సంగతంతా చెప్పాడు. చీర అరిచిందన్నప్పుడు జాకబ్ తల ఊపి, ఎంత వాల్యూములో అరిచిందని మాత్రం అడిగాడు. తర్వాత మూడు సెట్లు బల్ల మీద పెట్టాడు.

ఒకటి బూడిదరంగు ఇనప సెట్టు. ఏ దేశపు సైన్యానిదో. లోపల గాజు వాల్వులు వెలుగుతాయి. ఎత్తబోతే రోలు ఎత్తినట్టుంది. రెండోది నల్లగా నిగనిగలాడే జపాను సెట్టు, ముందువైపు పచ్చ అంకెలు, లెక్కపెట్టలేనన్ని మీటలు. మూడోది చూడటానికి ఏమీ లేదు. రంగు వెలిసింది. ఒక నాబ్‌కు టోపీ ఊడిపోయి ఇనప పుల్ల మాత్రం మిగిలింది.

ఓబిలేషు చెయ్యి తనంతట తానే ఇనపదాని మీదికి పోయింది. నేసేవాడికి బరువే నమ్మకం. పట్టును చేతిలో తూచి చూస్తారు, జరీని తూచి చూస్తారు. బరువున్నదానిలో వెండి ఉంటుంది, తేలికదానిలో మోసం ఉంటుంది.

"ఇది మంచిదిలా ఉండాది సారూ."

"మంచిదే. కానీ కాలేకొద్దీ జారుతాది. తొమ్మిదింటికి పెట్టిన స్టేషను పదింటికి ఆడుండదు. నువ్వు పొద్దంతా నేస్తావు కదా."

"మరి ఈ నల్లది?"

జాకబ్ నల్లదాని మూత విప్పాడు. "చూడు. ఎవుడో తెలివైనోడు లోపల చెయ్యి పెట్టినాడు. ఈ తీగ వాడు వేసిందే, ఈ మీట వాడు పెట్టిందే. అది ఏం చేస్తాదో వానికి తప్ప ఎవురికీ తెలీదు. వాడు యాడుండాడో నాకు తెలీదు." తర్వాత వెలిసినదాని మూత విప్పాడు. లోపలంతా దుమ్ము. "దీంట్లో దుమ్ము సమంగా పడింది. అంటే ఇంతవరకు ఎవురూ చెయ్యి పెట్టలేదని లెక్క. సెట్టు కొనేటప్పుడు మెరుపు చూడకూడదన్నా, దుమ్ము చూడాల."

"వింటే తెలుస్తాది కదా."

"వినాలంటే తెలిసిన స్టేషనే పెట్టాల. తెలీని స్టేషను పెడితే తప్పు సెట్టుదో, ఆడ మాట్లాడేటోనిదో ఎట్ల తెలుస్తాది?"

జాకబ్ లేచి ఇంట్లో మెయిన్ ఆపేశాడు, కరెంటు గురక కలవకుండా. సెట్లను లారీ బ్యాటరీకి తగిలించి, ఒకదాని తర్వాత ఒకటి తెలుగు వార్తలు పెట్టాడు. చదివే ఆమె గొంతు ఓబిలేషుకు ఏళ్లుగా తెలుసు. ఇనపసెట్టుకు చెవి ఆనించి విన్నాడు. ఆమె ఏదో చెబుతోంది కానీ మాటల అంచులు చిరిగిపోయినట్టున్నాయి. నల్లసెట్టులోనూ అంతే. వెలిసినదానిలోనూ అంతే.

"ఇది స తింటాంది," అన్నాడు.

"ఏం తింటాంది?"

"స. ఆమె సమాచారం అంటే అమాఆరం అంటాంది. చ కూడా పోతాంది. మూడు సెట్లూ తింటాండాయి."

జాకబ్ మూడింటికీ తానూ చెవి పెట్టాడు. స్పీకర్లు తుడిచాడు. నాబులు గిరగిరా తిప్పి శబ్దం వస్తుందేమో చూశాడు. మళ్లీ విన్నాడు. "గురకపెట్టే సెట్టు చూసినా, ఈలేసే సెట్టు చూసినా. స తినే సెట్టు చూళ్లేదప్పా." కాసేపు ఓబిలేషు ముఖంలోకి చూశాడు. నేసేవాళ్లకు ఇంకేవో కొలతలు ఉంటాయనుకున్నాడేమో, వాదించలేదు. "మూడూ తీసుకపో. మగ్గం కాడ పెట్టి చూసుకో. వద్దన్నవి వెనక్కి తీసుకురా. దుడ్లు తర్వాత మాట్లాడుకుందాం."

ఆటోలో మూడు సెట్లూ ఇంటికి వచ్చాయి. భార్య అరుణజ్యోతి వాటిని చూసి ఏదో అంది. పాల లెక్కో, ఉప్పు లెక్కో అనుకుని ఓబిలేషు సరేనన్నాడు. ఆమె కాసేపు నిలబడి, మళ్లీ చెప్పకుండా లోపలికి పోయింది.

కొత్త పడుగు ఎక్కించినప్పుడు మొదట నేసిన కొంచెం గుడ్డ ఎట్లాగూ వృథా. దారాలు సమంగా బిగిసేదాకా నేసి, ఆ ముక్కను కత్తిరించి పారేస్తారు. ఆ ముక్కలోనే మూడు సెట్లకూ మచ్చు నేయాలనుకున్నాడు ఓబిలేషు. చెవికి తెలియనిది గుడ్డకు తెలుస్తుంది. అటూ ఇటూ విసిరే నాడెలో పట్టుకు బదులు జరీదారం చుట్టిన కండె పెట్టాడు. ఇనపసెట్టు పెట్టి రెండు వేళ్ల మందం నేశాడు. దాన్ని ఆపి నల్లసెట్టు పెట్టి రెండు వేళ్లు. తర్వాత వెలిసినది. మధ్యలో నల్లపట్టు గీత ఒక్కొక్కటి వేశాడు, ఒకదాని మాట ఒకదానిలో కలవకుండా.

అరుణజ్యోతినీ, కదిరమ్మనూ పిలిచాడు. ఆడవాళ్లిద్దరూ మగ్గం మీదికి వంగి మచ్చులకు చెవులు పెట్టారు.

"ఇది మొదుట్లో బాగనే మాట్లాడి, పోనుపోను బావిలోకి దిగినట్టుండాది," అంది కదిరమ్మ ఇనపసెట్టు మచ్చు విని. నల్లదాని దగ్గర ఆమెకు నవ్వొచ్చింది. "దీంట్లో ఇద్దురుండారు. ఒగడు పాడతాండాడు, ఇంగొగడు పాడొద్దని తిడతాండాడు."

అరుణజ్యోతి మూడోదాని దగ్గర ఎక్కువసేపు ఉంది. తల ఎత్తి, అతని వైపు తిరిగి చెప్పింది. "ఇది నెమ్మదస్తురాలు. పొద్దుపోయేదాకా చెప్పినా అలిసేటట్టు లేదు."

ఓబిలేషు వంగి విన్నాడు. ఇనపదానిలో ఏమీ లేదు. నల్లదానిలో ఏమీ లేదు. వెలిసినదానిలో అసలే లేదు. లేచి నడుము తట్టుకుని మళ్లీ వంగాడు. ఎడమచెవి పెట్టాడు, కుడిచెవి పెట్టాడు.

"మూడూ మూగవే," అన్నాడు.

కదిరమ్మ కళ్లు పెద్దవి చేసింది. "ఏమప్పా, చెవిలో దూది పెట్టుకున్నావా?"

"మీరిద్దురూ కలిసి ఆటలాడతాండారు."

"ఆటలెందుకు..." అని అరుణజ్యోతి మొదలుపెట్టి ఆగిపోయింది. మగ్గం దగ్గర గొంతు పెంచకూడదు. ముగ్గురూ లేచి చెప్పులు వేసుకుని వీధిలోకి పోయారు. అక్కడ అరుణజ్యోతి గొంతు పెంచింది. వారం దినాలుగా గ్యాసు అయిపోవచ్చిందని చెబుతున్నా పలకడం లేదంది. పక్కన నిలబడి మాట్లాడినా సరేనంటాడు తప్ప ఏమడిగిందో తెలుసుకోడంది. అందరి మొగుళ్లూ అంతేననుకుని ఇన్నాళ్లూ సర్దుకున్నానంది. బసప్ప తన గుమ్మంలోంచి తల బయట పెట్టి, నిజమే అందరమూ అంతేనని సాక్ష్యం చెప్పాడు.

"సరే," అన్నాడు ఓబిలేషు. "రేడియోలన్నీ ఆపి ఇంగొక మచ్చు నేస్తా. దాంట్లో ఏ మాటా ఉండేదానికి లేదు. దానికి కూడా చెవి పెట్టి మాటలు వినపడతాండాయంటే మీవి ఉత్త కోతలే."

ముగ్గురూ లోపలికి వచ్చారు. ఓబిలేషు మూడు సెట్ల తీగలూ పీకేశాడు. గుంతలోకి దిగి నాడె విసిరాడు. కదిరమ్మ ఎదురుగా గోడకు ఆనుకుని కూర్చుంది. అరుణజ్యోతి అతని వెనక ఎక్కడో నిలబడి ఉంది. పలక దెబ్బ పడుతోంది. తీగలు పీకిన సెట్లు మూడూ బల్ల మీద ఊరికే ఉన్నాయి.

ఉన్నట్టుండి కదిరమ్మ చెయ్యి నోటి మీదికి పోయింది. నవ్వుతోందనుకుని ఓబిలేషుకు ఒళ్లు మండింది. ఇంకో దెబ్బ వేశాడు. కదిరమ్మ చూపు అతని భుజం మీదుగా వెనక్కి పోయింది. మరో దెబ్బ. ఆమె చెయ్యి మెల్లగా ఒడిలోకి జారింది. ముఖంలో నవ్వు లేదు. ఆమె లేచి చీర దులుపుకుని, ఒక్క మాట కూడా లేకుండా ఇంటికి పోయింది. కదిరమ్మ ఒక్క మాట కూడా లేకుండా ఒకరింట్లోంచి పోవడం ఆ వీధిలో అంతకుముందు ఎవరూ ఎరగరు. ఓబిలేషు వెనక్కి తిరిగి చూశాడు. అరుణజ్యోతి కూడా లేదు.

మచ్చు అయిపోయింది. జరీ కొస ఒకటి అంచు దగ్గర వేలాడుతోంది. కత్తెర చేతికి అందలేదు. నేసేవాళ్లు అందరూ చేసే పనే చేశాడు. వంగి ఆ కొసను పళ్లతో పట్టుకున్నాడు.

"ఓబిలేషూ."

అతను చప్పున తలెత్తాడు. గదిలో ఎవరూ లేరు. కిటికీ బయట ఎవరూ లేరు. సెట్లకు తీగల్లేవు. మళ్లీ వంగి కొస కొరికాడు.

"ఓబిలేషూ."

ఆడగొంతు. చెవిలో కాదు, దవడ ఎముకలో పలికింది. అక్కడి నుంచి తలలోకి ఎక్కింది, నీళ్లు చల్లి కడిగినంత తేటగా. అతనికి ఏమీ అర్థం కాలేదు. ఇది ఏ స్టేషను? తన పేరు తెలిసిన స్టేషను ప్రపంచంలో ఏముంది? పేరు పెట్టి పిలిచే ఆడవాళ్లు అతనికి ఇద్దరే ఉండేవారు, తల్లి, అక్క. తల్లి లేదు. అక్క కంబదూరులో ఉంది, ఆమె గొంతు గరగరగా ఉంటుంది. ఇది ఆ గొంతూ కాదు. తెలిసిన గొంతే. కానీ ఈ మాట ఆ గొంతులో ఎన్నడూ వినలేదు. రోజూ నడిచే వీధిలో ఒక ఇల్లు కొత్తగా లేచినట్టుంది. మూడోసారి కొరికాడు. ఈసారి చివరిదాకా విన్నాడు.

"ఓబిలేషూ... వినపళ్లేదా?"

అప్పుడు తెలిసింది.

ఆ ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు పలకరు. పలికితే ఆయుస్సు తగ్గుతుందంటారు. రేషను షాపులో భర్త పేరేమిటని అడిగితే అరుణజ్యోతి పక్కనున్న కదిరమ్మ వైపు చూసేది, కదిరమ్మ చెప్పేది. పెళ్లయినప్పటి నుంచి ఆమె అతన్ని ఏమయ్యా అంది, ఇదో అంది, ఏమీ అనకుండా గ్లాసు చప్పుడు చేసి కూడా పిలిచింది. పేరు పలకలేదు. ఆ పేరును ఈ పొద్దు మూడు పలక దెబ్బల్లో మూడుసార్లు, అతని వీపుకు చేతి దూరంలో నిలబడి పలికింది. అట్లాంటి మాట చెవిన పడితే ఏ మొగుడైనా ఉలిక్కిపడి తిరిగి చూస్తాడు. తిరగకపోతే దానికి ఒక్కటే కారణం. ఆమె అది తెలుసుకోవాలనే పిలిచింది. ఆమెకు తెలిసిపోయింది. కదిరమ్మకు కూడా.

ఓబిలేషు ఆ కొసను వదిలాడు. తర్వాత మూడో మచ్చు అంచులోంచి, వెలిసిన సెట్టు మచ్చులోంచి, ఒక జరీపోగు గోటితో పైకి లాగి పళ్లమధ్య పెట్టుకున్నాడు. వార్తలు చదివే ఆమె సమాచారం అంది. స ఉంది. చ ఉంది. అన్నీ ఉండవలసిన చోట ఉన్నాయి. ఏ సెట్టూ ఏదీ తినలేదు.

వంటింట్లోకి పోయాడు. అరుణజ్యోతి పొయ్యి వైపు తిరిగి ఉంది. గ్యాసు వెలగడం లేదు. గిన్నెలో ఏమీ లేదు. అయినా గరిటె తిప్పుతోంది.

"నన్ను పేరు పెట్టి పిలిచినావా?"

ఆమె భుజాలు కదిలాయి. ఏదో చెప్పింది. వినబడలేదు. అతను చుట్టూ తిరిగి పోయి ఆమె ముందు నిలబడ్డాడు. పెదవులు కనబడితే మాటలు కనబడ్డాయి. ఎన్నాళ్ల నుంచి అట్లా వింటున్నాడో తనకే తెలియదు. దాసప్ప మీసాల సంగతి అప్పుడు అర్థమైంది.

"నేనెందుకు పిలుస్తా," అంది అరుణజ్యోతి.

"జరీ చెప్పింది."

"తప్పు చెప్పుంటాది."

"జరీ తప్పు చెప్పదు."

ఆమె గరిటె పక్కన పెట్టింది. "మూడుసార్లంటే ఎంత తగ్గుతాదో," అంది.

"ఏంది?"

"ఆయుస్సు."

"తగ్గిందేదో తగ్గింది," అన్నాడు ఓబిలేషు. "ఆ జరీలోనే గ్యాసు అయిపోయిందని కూడా చెప్పకూడదా."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కళ్లు తడిగా ఉన్నా నవ్వు ఆగలేదు. అనంతపురంలో చెవి డాక్టరు దగ్గరికి పోదామంది. పోదామన్నాడు, చీర మగ్గం దిగినాక.

మర్నాడు ఇనపసెట్టునూ, నల్లసెట్టునూ ఆటోలో వేసుకుని బత్తలపల్లె పోయాడు. ఇనపదాన్ని దించేటప్పుడు కొంచెం బాధపడ్డాడు. అంత బరువు అబద్ధం చెబుతుందని నమ్మడం అతనికి ఇప్పటికీ కష్టమే. జరీదారం ఒక కొస స్పీకరు జాలికి కట్టి, రెండో కొస పళ్లతో పట్టుకుని వినే పద్ధతి, రాత్రి తనకు తట్టింది, జాకబ్‌కు చూపించాడు. జాకబ్ డ్రాయరంతా వెతికి ఒక చిన్న ఇత్తడి క్లిప్పు తీసి ఇచ్చాడు.

"ముడి వేసినావంటే ఊడుతాది. ఇది పెట్టుకో. దారం ఎంగిలికి తడిస్తే సౌండు తగ్గుతాదేమో, మధ్యమధ్య ఆరబెట్టు."

అట్లా చీర మొదలైంది. వెలిసిన సెట్టు గోడ పక్కన, టోపీ లేని నాబ్‌తో. పళ్లమధ్య జరీకొస. సౌండు ఎంత తగ్గించాడంటే, పక్కనే కూర్చుని కండెలు చుట్టే అరుణజ్యోతికి కూడా చెవి రిక్కిస్తే తప్ప వినబడేది కాదు. ఓబిలేషుకు మాత్రం ఎముకల్లో అన్నీ వినబడ్డాయి. ఎవరో ముసలాయన ఏదో దేశంలో దగ్గి, క్షమించమన్నట్టు ఏదో గొణిగి, మళ్లీ చదవడం మొదలుపెట్టాడు. ఎక్కడో ఒక స్టేషను మూతపడే ముందు ఒకే పాట మళ్లీ మళ్లీ వేసింది. స్టేషను జారబోతే పంటికి ముందే తెలిసేది. చేయి చాపి సరిచేసేవాడు. చాలా రోజుల తర్వాత అతనికి పని చేస్తున్నట్టు కాక, వింటున్నట్టు ఉంది.

చీర దిగేరోజు గోవిందప్ప వచ్చాడు. వెంట కొలతల టేపు ఉంది, మరమగ్గం పట్టే జాగా కొలవడానికి. ముందు చీర అంచు చెవికి పెట్టుకున్నాడు. తర్వాత కొంగు పెట్టుకున్నాడు. ఇంకోచోట మడత విప్పి పెట్టుకుని, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. అరుణజ్యోతి గుమ్మంలో నిలబడి ఆయన ముఖమే చూస్తోంది.

"ఎవురప్పా ఈ ముసలాయన, దగ్గుతాండాడు?" అన్నాడు చివరికి.

"తెలీదు గోవిందన్నా."

"పాపం, మందు వాడల్ల." గోవిందప్ప చీర మడిచి చంకలో పెట్టుకున్నాడు. టేపు జేబులోంచి తియ్యలేదు. "పడుగు ఇంగా ఉండాది కదా. రెండోది కూడా ఇట్లనే కానీ," అని వెళ్లిపోయాడు.

ఒక చీర అయిపోయి రెండోది మొదలయ్యే ముందు మధ్యలో కొంచెం గుడ్డ వదిలేస్తారు, కత్తిరించడానికి. అది ఎవరి చీరా కాదు. దానిలో ఏ మాట పడినా ఏ పెళ్లిలోనూ వినబడదు. ఓబిలేషు సెట్టు ఆపాడు. క్లిప్పు విప్పి, ఆ దారం కొసను నేస్తున్న గుడ్డ అంచుకు కట్టుకుని, రెండో కొస పళ్లతో పట్టుకున్నాడు. అరుణజ్యోతి వచ్చి గుంత అంచున, అతనికి వెనకవైపు కూర్చుంది.

"ఏం చెప్పాల?" అంది.

దవడలో పలికింది. అతను భుజాలు ఎగరేసి నాడె విసిరాడు.

ఆమె గ్యాసు బండ వచ్చిందని చెప్పింది. కదిరమ్మ అప్పటినుంచి తనతో గొంతు పెంచి మాట్లాడుతోందని, చెవుడు తనకే వచ్చిందనుకున్నట్టుందని చెప్పింది. మునగచెట్టువాళ్లు తీగ బరువుకు కొమ్మ వంగుతోందని గొణుగుతున్నారని, ఒక రోజు చారు చేసి పంపిస్తే సరిపోతుందని చెప్పింది. కంబదూరులో వాన పడిందట, ఇక్కడ పడలేదట. అతను ఒక్కో మాటకూ ఒక్కో దెబ్బ వేస్తూ పోయాడు. వదలవలసినంత గుడ్డ అయిపోయింది. అతను ఆపలేదు. ఇంకో వేలు మందం నేశాడు. ఇంకో వేలు.

"చాలు, షావుకారు పట్టు పాడైపోతాంది," అంది అరుణజ్యోతి.

అతను తల అడ్డంగా ఊపాడు. పళ్లమధ్య దారం ఉంది కాబట్టి నోరు తెరవలేదు. పలక ఎత్తి పట్టుకుని, దెబ్బ వేయకుండా, ఎదురుగా గోడ వైపు చూస్తూ, ఈ పొద్దు ఆమె ఇంకా పలకని ఆ ఒక్క మాట కోసం ఆగాడు.

ఆమె చుట్టూ చూసింది. వీధి వైపు తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చుంది.